వేసవి కదా అని మిషన్ పెట్టేశారు

ప్రశ్న: మాది నెల్లూరు వేదాయపాళెం. మా స్నోయి నాలుగేళ్ల తెల్ల పామేరియన్, ఎనిమిది కిలోలుంటుంది. పోయిన ఆదివారం గ్రూమింగ్‌కి తీసుకెళ్లాం. స్నానం, గోళ్లు, చెవులు, హెయిర్ కట్ అన్నీ కలిపి 1,800 రూపాయలన్నారు. రెండు నెలలుగా సరిగా దువ్వలేదు. చెవుల వెనక, తొడల దగ్గర జుట్టు ఉండలు కట్టిన మాట నిజమే. 'కొంచెం షార్ట్ చేయండి' అని చెప్పి వచ్చాం. మూడు గంటల తర్వాత వెళ్లేసరికి ఒళ్లంతా నున్నగా గొరిగేసి ఉంది. 'సమ్మర్ కదా మేడం, చల్లగా ఉంటుంది' అన్నారు. ఒక గోరు దగ్గర రక్తం గడ్డకట్టి ఉంది. ఇంటికొచ్చి చూస్తే గజ్జల్లో, పొట్ట మీద ఎర్రగా కమిలింది. నాలుగు రోజులైనా తల విదిలిస్తూనే ఉంది. మంచం కింద నుంచి రావడం లేదు. వీపు మీద చెయ్యేస్తే కరవబోతోంది, అలిగిందేమో. జుట్టు మళ్లీ వస్తుందా? కమిలిన చోట కొబ్బరి నూనె రాయొచ్చా? డబ్బు వెనక్కి అడగొచ్చా? ఇకమీదట ఇంట్లోనే చేసుకోవడం మంచిదా?

సమాధానం: అమ్మా, మీరడిగిన నాలుగు ప్రశ్నలకూ జవాబు చెబుతాం. దానికంటే ముందు, 'అలిగిందేమో' అని మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతి చూడాలి. ఉత్తరం మొత్తంలో తొందరపడాల్సింది అక్కడే.

భయపడిన కుక్క దాక్కుంటుంది, పిలిస్తే రాదు. వీపు మీద చెయ్యి పెడితే చాలు పళ్లు చూపిస్తోందంటే మాత్రం అది నొప్పి. గ్రూమింగ్ అయిన ఒకటి రెండు రోజుల నుంచి వారం లోపు వీపు అలా నొప్పెడుతుంటే మొదట అనుమానించాల్సింది వెంట్రుక కుదుళ్లలోకి లోతుగా దిగిన ఇన్‌ఫెక్షన్. ఇది ఎలా వస్తుందంటే, చాలాచోట్ల షాంపూని నీళ్లలో కలిపి సీసాల్లో పోసి రోజుల తరబడి వాడతారు. అలా నిలవున్న షాంపూ నీళ్లలో, తడి స్పాంజిల్లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ నీళ్లు పోసి వెంట్రుకకు ఎదురుగా గట్టిగా రుద్దినా, మిషన్ పెట్టి గొరిగినా కుదుళ్లు దెబ్బతిని, బ్యాక్టీరియా చర్మం లోపలికి పోతుంది. ముందు నొప్పే వస్తుంది. మెడ నుంచి తోక వైపు వీపు మధ్య గీత వెంబడి నల్లటి, ఎర్రటి పొక్కులు ఆ తర్వాత కనబడతాయి. కొన్ని చితికి రక్తం వస్తుంది. జ్వరం, తిండి మానేయడం, నడవడానికి ఇష్టపడకపోవడం కూడా ఉంటాయి. పొక్కులు బయటపడక ముందు చూస్తే వెన్నెముక నొప్పేమో అనిపిస్తుంది.

అందుకని ఈరోజే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లే ముందు స్నానం చేయించకండి, ఏమీ పూయకండి. డాక్టరుతో 'నాలుగు రోజుల కిందట బయట షాంపూతో స్నానం చేయించి, మిషన్‌తో జుట్టు తీశారు' అని ముందే చెప్పండి, లేకపోతే ఆయనకు ఆ దారిలో ఆలోచన పోకపోవచ్చు. పొక్కులుంటే చీము తీసి స్లయిడ్ మీద చూడమని, కల్చర్‌కి (ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో తేల్చే పరీక్షకి) పంపమని అడగండి. సూడోమోనాస్‌కి మామూలుగా రాసే యాంటీబయాటిక్స్ చాలావాటికి లొంగే గుణం లేదు. సరైన మందు పడితే రెండు మూడు రోజుల్లో కుక్క తేరుకుంటుంది, కానీ కోర్సు నాలుగు వారాలో, ఇంకా ఎక్కువో వాడాల్సి వస్తుంది. బాగుందని మధ్యలో ఆపకండి. ఈ స్థితిలో దురద తగ్గడానికని స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. నెల్లూరులో కుదరని పరీక్ష ఏదన్నా ఉంటే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు మరీ దూరం కాదు.

బయల్దేరే ముందు ఇంట్లో జ్వరం చూడగలిగితే మంచిది. మామూలు డిజిటల్ థర్మామీటర్ కొనకి వ్యాజలైన్ రాసి మలద్వారంలోకి అంగుళం లోపలే పెట్టాలి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ సహజం. చల్లటి చోట పడుకుని ఉన్నప్పుడు 103 దాటితే జ్వరమే. అంతమాత్రాన మన పారాసెటమాల్, బ్రూఫెన్ వెయ్యకండి. కుక్క కాలేయాన్ని, కిడ్నీలను, కడుపును దెబ్బతీసే మందులవి.

ఇక గజ్జల్లో కమిలిన చోటు. అది మిషన్ బ్లేడు రాపిడికి, వేడికి వచ్చింది. బ్లేడు ఆడుతున్నకొద్దీ కాలుతుంది. ప్రతి ఐదు పది నిమిషాలకు మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకుని, వేడెక్కితే బ్లేడు మార్చాలి, లేదా చల్లారనివ్వాలి. గజ్జలు, చంకలు, పొట్ట దగ్గర చర్మం పలచన కాబట్టి ముందు అక్కడే కమిలిపోతుంది. కొబ్బరి నూనె వద్దు. దాన్ని కుక్క నాకుతూనే ఉంటుంది, ఆ నాకుడుకి చర్మం తడిసి పుండవుతుంది. డెటాల్, పసుపు ముద్ద, పౌడరు, మన ఇళ్లల్లో ఉండే బెట్నోవేట్ లాంటి ఆయింట్‌మెంట్లు కూడా వద్దు. మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో దూది తడిపి రోజుకు రెండుసార్లు అద్ది, ఆరనివ్వండి. అద్దాలే గాని రుద్దకూడదు. నాకడానికి వీల్లేకుండా మెడకి కోన్ (గరాటులాంటి పట్టీ) కట్టండి. ఇంత చేయకపోతే మిగతాదంతా వృథా. తిండి పెట్టేటప్పుడు తీసి మళ్లీ కట్టొచ్చు. పసుపు రంగు చీము, దుర్వాసన, జిగురు కనబడితే సెలైన్‌తో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించాలి. ఎలాగూ ఈరోజు వెళ్తున్నారు కాబట్టి ఇదీ చూపించండి.

తల విదిలించడానికి మూడు కారణాలుండొచ్చు. స్నానంలో చెవిలోకి నీళ్లు పోయి ఉండొచ్చు, చెవిలోపలి వెంట్రుకలు పీకినప్పుడు చర్మం రేగి ఉండొచ్చు, లేదా అంతకుముందే ఉన్న ఇన్‌ఫెక్షన్ ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. నాలుగు రోజులైనా తగ్గలేదంటే ఇంట్లో చేసేదేమీ లేదు. ఇయర్ బడ్‌తో తిప్పితే మురికి లోపలికి కూరుకుపోతుంది. కర్ణభేరి చిల్లు పడిందో లేదో డాక్టరు పరికరం పెట్టి చూశాకే చుక్కలు వెయ్యాలి, ఎందుకంటే చిల్లు ఉంటే కొన్ని మందులు వినికిడినే పోగొడతాయి. పాత చుక్కల మందు సీసా ఇంట్లో ఉన్నా ముట్టుకోకండి. ఇంకో సంగతి, అదేపనిగా తల విదిలిస్తే చెవి తమ్మెలో రక్తనాళం చిట్లి, తమ్మె దిండులా ఉబ్బుతుంది. అలా ఉబ్బితే ఆలస్యం చేయకూడదు.

గోరు గురించి పెద్దగా దిగులు అక్కర్లేదు. గోరు లోపల రక్తనాళం, నరం కలిసి ఉంటాయి, అక్కడిదాకా కత్తిరించారు. రక్తం ఆగిపోయింది కాబట్టి రెండు మూడు రోజులు బురదలో తిప్పకుండా, బయట నుంచి రాగానే కాలు కడిగి తుడిస్తే చాలు. ఒకవేళ ఇకముందు ఇంట్లో అలా తెగితే పొడి దూది పెట్టి ఐదు నిమిషాలు తీసి చూడకుండా నొక్కిపట్టండి. కార్న్‌ఫ్లోర్ అద్దినా ఆగుతుంది. అరగంటైనా ఆగకపోతే గోరు ఒక్కటే కారణం కాకపోవచ్చు. పిడుదుల జ్వరం వచ్చిన కుక్కల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టదు. మన ప్రాంతంలో పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి గనక అప్పుడు రక్తపరీక్ష చేయించాల్సిందే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, జుట్టు. చాలావరకు వస్తుంది. నెలలో రాదు. పామేరియన్‌కి, మన ఊళ్లలో పామేరియన్ అని పిలుచుకునే ఇండియన్ స్పిట్జ్‌కి (ఎనిమిది కిలోలంటే మీది బహుశా అదే) రెండు పొరల జుట్టుంటుంది. లోపల దూదిలాంటి నూగు, పైన పొడవాటి బిరుసు వెంట్రుక. ఈ జాతుల్లో పై వెంట్రుక కుదుళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం నిద్రలో ఉన్నట్టు ఉంటాయి. చర్మం దాకా గొరిగాక అవి మేలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టొచ్చు, కొన్నిటికి రెండేళ్లు కూడా. నూగు ముందుగా వచ్చేస్తుంది కాబట్టి మధ్యలో కొన్నాళ్లు గొర్రెపిల్లలా, అతుకులు అతుకులుగా కనిపిస్తుంది. దాన్ని 'సమం చేస్తాం' అని ఎవరన్నా మళ్లీ మిషన్ పెట్టబోతే ఒప్పుకోకండి. ఆరు నెలలు దాటినా వీపు, తొడల మీద బోడిగానే ఉండి, చర్మం నల్లబడుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. కొన్నిసార్లు గొరగడం వల్ల అంతకుముందు కనబడని హార్మోను లోపం బయటపడుతుంది.

జుట్టు త్వరగా రావడానికని అమ్మే నూనెలు, స్ప్రేలు కొనొద్దు. మంచి తిండి చాలు. వెంట్రుక అంటే దాదాపు అంతా ప్రొటీనే. రోజూ ఒక ఉడికించిన గుడ్డు, వారానికి రెండుసార్లు కవళ్లలాంటి చేప ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్లన్నీ తీసి పెట్టండి. మన చేపల పులుసు మాత్రం ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

చల్లగా ఉంటుందన్న మాట ఎంతవరకు నిజమో కూడా చెప్పాలి, ఎందుకంటే రోహిణి కార్తె దగ్గరపడేకొద్దీ నెల్లూరులోనే కాదు, ఒంగోలు, కావలిలో కూడా ఎంతోమంది ఈ మాట నమ్మి గొరిగిస్తారు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టించి చల్లబడదు. నాలుక బయటపెట్టి ఒగర్చి వేడి వదులుతుంది. పాదాల అడుగున మాత్రమే కాస్త చెమట పడుతుంది. పై వెంట్రుక ఎండను చర్మం మీద పడనివ్వదు. వేడి చేసేది ఊడిపోయి లోపలే చిక్కుకున్న పాత నూగు. దాన్ని దువ్వి తీసేస్తే గాలి చర్మం దాకా ఆడుతుంది. ఎండాకాలం ఈ జాతులకు కావాల్సిన సర్వీసు అదే, దాన్ని డీషెడ్డింగ్ అంటారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీలకు కూడా ఇదే వర్తిస్తుంది. షీట్జూ, పూడిల్, లాసా వంటివి వేరు. వాటి జుట్టు మన తలవెంట్రుకలా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కత్తిరించొచ్చు.

గొరిగేశారు కాబట్టి ఈ వేసవికి మీ తెల్ల కుక్క చర్మం ఎండకి కాలుతుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎండలోకి వదలకండి. కాసేపు తప్పనిసరైతే పలచటి నూలు బనియన్ తొడిగి, ఇంట్లోకి రాగానే తీసేయండి. మనం రాసుకునే సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ ఉంటే నాకినప్పుడు విషమవుతుంది, అది రాయొద్దు.

తప్పు ఎవరిదన్నదానికి మా అభిప్రాయం ఇది. జుట్టు చర్మానికి అంటుకుని అట్ట కట్టినప్పుడు ఆ ఉండలను మిషన్‌తో తీయడం తప్ప దారి ఉండదు. గంటల తరబడి లాగి విడదీయడం కుక్కకి చిత్రహింస. చెవుల వెనక, తొడల దగ్గర తీసేసి ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. వీపంతా గొరగడానికి మాత్రం కారణం లేదు. జుట్టు లోపలికి చేయి పెట్టి చూసి, 'ఇక్కడ, ఇక్కడ తీయాల్సి వస్తుంది, సరేనా' అని మిమ్మల్ని అడగకుండానే రేటు చెప్పారు చూడండి, పని అక్కడే చెడింది. కుక్క మీద చెయ్యి వేయకుండా ధర చెప్పే చోట కుక్కను వదలకండి.

డబ్బు తప్పకుండా అడగండి. అడిగే ముందు కాగితాలు చేతిలో ఉండాలి. బిల్లు, లేదా ఫోన్‌పే చెల్లింపు వివరం. గొరగక ముందు ఫొటోలు. ఇప్పటి నుంచి రోజూ అదే వెలుతురులో, అదే కోణంలో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసిన ఫొటోలు. డాక్టరు చీటీలో తేదీ, ఏమి కనబడిందన్నది రాయించుకోండి. 'గ్రూమింగ్ తర్వాత' అన్న మాట అందులో పడితే అది మీకు చాలా ఉపయోగం. తర్వాత నెమ్మదిగా వెళ్లి మాట్లాడి, మాట్లాడిందే వాట్సాప్‌లో కూడా పంపండి: కట్టిన 1,800, డాక్టరు ఖర్చు, మందుల ఖర్చు ఇంత, పదిహేను రోజుల్లో ఇవ్వండి అని. 'ఇంకోసారి ఫ్రీగా చేస్తాం' అంటే ఒప్పుకోకండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవాలోపం కింద ఫిర్యాదు చేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

వీపు మీద నిజంగా ఇన్‌ఫెక్షనే అని తేలితే, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ షాపుకి చెప్పండి. వాళ్ల షాంపూ సీసాల నుంచే వచ్చి ఉంటే ఆ వారం వచ్చిన మిగతా కుక్కలకూ అదే జరగొచ్చు.

ఇంట్లో చేసుకోవడం విషయానికొస్తే, దువ్వడం, స్నానం మీరే చేయండి. గోళ్లు, ఉండలు తీయడం మొదట్లో బయటే చేయించండి. ఇప్పుడు చర్మం మానేదాకా దువ్వెన వద్దు. జుట్టు అంగుళం పెరిగాక స్లిక్కర్ బ్రష్ (సన్నటి తీగ పళ్లున్నది) ఒకటి, ఎడం పళ్లు ఒకవైపు, దగ్గర పళ్లు ఒకవైపు ఉన్న స్టీలు దువ్వెన ఒకటి తెచ్చుకోండి. వారానికి మూడుసార్లు, పావుగంట చొప్పున. చాలామంది పైపైన దువ్వి నున్నగా ఉందనుకుంటారు. ఉండ కట్టేది చర్మం పక్కన. ఎడమ చేత్తో జుట్టును పైకెత్తి పట్టుకుని, కింద ఒక పాయ వదిలి, దాన్ని చర్మం నుంచి కొస దాకా దువ్వి, మరో పాయ వదలాలి. చీర కుచ్చిళ్లు ఒక్కొక్కటిగా వదిలినట్టు. చివర్లో స్టీలు దువ్వెన చర్మం దాకా దిగి, ఎక్కడా ఆగకుండా బయటికి వస్తే అప్పుడు అయినట్టు. చెవుల వెనక, చంకలు, పిరుదుల కింద, మెడ పట్టీ కింద మర్చిపోకండి.

చిన్న ఉండ తగిలితే కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్లతో రెండుగా, నాలుగుగా చీల్చి, కొస వైపు నుంచి దువ్వుకుంటూ లోపలికి రండి. ఉండ కింద కత్తెర పెట్టకండి. చర్మం ఉండతో పాటు పైకి లేచి ఉంటుంది, తెగాక గాని తెలియదు. ఉండలుండగా స్నానం చేయిస్తే అవి తడిసి, ఆరి, బిగుసుకుపోతాయి. అందుకే ముందు దువ్వడం, తర్వాత స్నానం, ఆరాక మళ్లీ దువ్వడం.

స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు. మన షాంపూ, సబ్బు వద్దు. మన చర్మం కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది, కుక్కది అంత కాదు. కుక్క షాంపూని సీసా మీద రాసినట్టు మగ్గులో అప్పటికప్పుడు కలుపుకుని, మిగిలింది పారబోయండి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. వెంట్రుక వాలిన వైపే రాస్తూ ఐదు నిమిషాలుంచి కడగాలి. మీకు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరి రెండు బకెట్లు మున్సిపాలిటీ నీళ్లు పోయండి. ఉప్పు నీళ్లలో షాంపూ సరిగా వదలక దురద పెడుతుంది. మైపాడు బీచ్‌కి తీసుకెళ్లినప్పుడు కూడా ఇంటికి రాగానే మంచినీళ్లతో ఇసుక, ఉప్పు కడిగేయాలి. తువాలుతో అద్ది, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, వేళ్లు దూర్చి చర్మం దగ్గర తడి లేదని చూసుకోండి. పైన ఆరి లోపల తడి మిగిలితే, మన తీరప్రాంతపు ఉక్కకి ఒక్క రాత్రిలో పుండు లేస్తుంది.

మళ్లీ బయట చేయించే రోజు వస్తే కొత్త చోటును ముందు కుక్క లేకుండా వెళ్లి చూడండి. ఆరబెట్టేది ఎలా అని అడగండి. బోనులో పెట్టి వేడిగాలి వదిలేసి పక్క పనికి పోయే చోటు వద్దు. పగ్, షీట్జూ వంటి చప్పిడి ముక్కు కుక్కలు అలా వడదెబ్బ తగిలి చనిపోతాయి. టీకా కార్డు అడగని చోటూ వద్దు. మీ కుక్క కార్డు చూడనివాళ్లు పక్క కుక్కదీ చూడరు. అదుపులో ఉండటానికి మత్తు మాత్ర ఇస్తామంటే వెనక్కి వచ్చేయండి, డాక్టరు లేకుండా అది ఇవ్వకూడదు. మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ తీసుకోకుండా పొద్దున్నే మొదటిది తీసుకోండి, ఎండా తప్పుతుంది, బ్లేడు కూడా శుభ్రంగా ఉంటుంది.

'షార్ట్' అన్న మాట మళ్లీ వాడకండి. మీ దృష్టిలో షార్ట్ అంటే రెండంగుళాలు, మిషన్ పట్టుకున్న కుర్రాడికి అది పదో నంబరు బ్లేడు. ఆ బ్లేడు మిగిల్చేది మిల్లీమీటరున్నర. బ్లేడు నంబరు పెరిగేకొద్దీ జుట్టు తగ్గుతుంది, నాలుగో నంబరు దాదాపు సెంటీమీటరు మిగులుస్తుంది. ఒక కాగితం మీద ఇలా రాసివ్వండి: 'ఒంటి మీద మిషన్ వద్దు. పాదాల అడుగున, మలద్వారం చుట్టూ మాత్రమే తీయాలి. నూగు దువ్వి తీయాలి. ఉండ రాకపోతే ఫోన్ చేసి అడగాలి.' ఫోన్ నంబరు వేసి, వాళ్ల చేత సంతకం పెట్టించి, ఫొటో తీసుకోండి.

స్నోయి మంచం కింద నుంచి రావడానికి తొందరపెట్టకండి. నొప్పి తగ్గాక అదే వస్తుంది. గిన్నె రోజుకో అడుగు బయటికి జరుపుతూ పోండి. పాదాలు రోజూ ఒక నిమిషం పట్టుకుని, వదిలి, చిన్న చికెన్ ముక్క పెట్టండి. బయటకు మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఒక్క గోళ్లు మాత్రం, అదీ రెండు కాళ్లవే కత్తిరింపించి, మీరు పక్కనే నిలబడి, పదినిమిషాల్లో ఇంటికి తెచ్చేయండి.